సరిహద్దు దాటిన శనివారం

కోర్టు ఉత్తర్వు కూడా చేపలాంటిదేనని హెల్వి కెరానెన్‌కి ఆ వసంతంలో తెలిసింది. తన నీళ్లలో ఉన్నంతసేపే దాని ఈత. గట్టు దాటించి పక్క రాష్ట్రంలో పడేస్తే నోరు తెరిచి చూడటం తప్ప అదేమీ చెయ్యలేదు.

తెలిసేదాకా మాత్రం ఆవిడ దాన్ని రాజుగారి ఫర్మానాలాగే ఒళ్లో పెట్టుకు మోసింది. మిషిగన్ జడ్జిగారు సంతకం చేసిన కాగితం అది. కింద ఉబ్బెత్తు ముద్ర. నెలకోసారి, మొదటి శనివారం మధ్యాహ్నం నుంచి ఆదివారం సాయంత్రం దాకా, టిల్డా అనే ఏడేళ్ల పిల్లని తల్లి షెల్బీ, నాయనమ్మ హెల్వికి అప్పగించాలని అందులో ఉంది. శనివారమే కావాలని హెల్వి పట్టుబట్టి రాయించుకుంది. ఫిన్లాండు నుంచి రాగి గనుల్లో పనికొచ్చి అక్కడే పాతుకుపోయిన కుటుంబాలు వాళ్లవి. వాళ్లలో శనివారమంటే ఆవిరిస్నానం. పెరట్లో దేవదారు చెక్కల గది, పొయ్యి మీద కాలే రాళ్లు, రాళ్ల మీద దోసెడు నీళ్లు. ఆ ఆవిరిలో కూచుని చెమటలు కక్కని పిల్ల కెరానెన్ పిల్ల ఎలా అవుతుందని ఆవిడ వాదన. "జడ్జిగారికి ఆవిరి సంగతి వద్దండీ, వారం పేరు చెబితే చాలు" అని లాయరు ఆవిణ్ని బతిమాలుకున్నాడు.

షెల్బీ అప్పటికే పిల్లని తీసుకుని, వాళ్ల ఊరి పక్కనున్న పెద్ద సరస్సు చివరిదాకా వెళ్లిపోయింది. మధ్యలో విస్కాన్సిన్, దానవతల మినెసోటా. అక్కడ ఒడ్డునే ఉన్న ఒక చిన్న ఊళ్లో ఉద్యోగం, కాపురం. అందుకని మొదటి శనివారం పొద్దున్నే హెల్వి, ఆవిడ వదిన ఇంపి కారెక్కారు.

హెల్వి భర్త పోయి చాలాకాలమైంది. భర్త అక్క ఇంపి మాత్రం పోలేదు, పోయే ఉద్దేశం కూడా ఉన్నట్టు కనపడదు. కారు ఇంపిది, స్టీరింగు ఇంపిది, దారి గురించిన అభిప్రాయాలన్నీ ఇంపివి. హెల్వివల్లా ఒళ్లోని కాగితం, వెనక సీట్లో గుడ్డ చుట్టిన ఏలకుల రొట్టె.

"రొట్టెలో పంచదార తగ్గించావా?"

"తగ్గించాను వదినా."

"ఎందుకు తగ్గించావే? తినేది పిల్ల. నువ్వు కాదు."

కుడిపక్క సరస్సు. సరస్సంటే ఆవలి ఒడ్డు కనపడే రకం కాదు; దానికి ఆవలి ఒడ్డుందని పటాలు చెబితే నమ్మాలి. మంచు అప్పుడే విరుగుతోంది. పెద్ద పెద్ద పలకలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ, పెళ్లివారింట్లో చాపలు మడతపెడుతున్నట్టు చప్పుడు చేస్తున్నాయి. సగం దారిలో గడియారాలు గంట వెనక్కి పోతాయి. ఆ గంటంటే హెల్వికి చిన్నప్పట్నించీ ఇష్టం. ఊరికే వచ్చిన గంట, ఎవరికీ లెక్క చెప్పక్కర్లేనిది. ఆ గంటలో ఆవిడ కళ్లు మూసుకుంటుంది. అందులో అన్నీ జరుగుతాయి. కొడుకు ఆర్నీ బతికే ఉంటాడు. వంటింట్లో బూట్లు విప్పకుండా తిరుగుతాడు, ఆవిడ కేకలేస్తుంది.

ఆ రోజు మాత్రం ఆ గంటలో వేరే కల వచ్చింది. రాష్ట్రం హద్దు దగ్గర స్వాగతం పలికే బోర్డు రాగానే కాగితం మీది అక్షరాలు కదిలాయి. చీమల్లాగ ఒక్కొక్కటే మోకాళ్ల మీంచి దిగి, చెప్పుల పక్కనుంచి, కారు తలుపు సందులోంచి బయటికి పోతున్నాయి. జడ్జిగారి సంతకం అన్నిటికన్నా ముందు దిగింది, పెద్దమనిషిలాగ వెనక్కి చూడకుండా. చివరికి 'టిల్డా' అన్న మాటొక్కటి మిగిలింది. హెల్వి దాని మీద అరచెయ్యి అదిమిపెట్టింది.

"కాగితం నలిపేస్తున్నావు" అంది ఇంపి.

షెల్బీ తలుపు పూర్తిగా తెరవలేదు, పూర్తిగా మూయనూ లేదు. మొంటానాలో గొడ్లు పెంచే ఇంట పుట్టిన పిల్ల. ఆ భుజాలకి గుమ్మం చాలేట్టు లేదు. కొడుకు పెళ్లైన దగ్గర్నుంచి 'అత్తయ్యా' అని పిలిచిన పిల్ల.

"ఇది మిషిగన్ కాదు హెల్విగారూ" అంది.

ఆ 'గారూ' హెల్వికి చలిగాలి కంటే ఎక్కువ తగిలింది. మేడమీది కిటికీలో తెర కదిలింది. పిల్ల కదిలించిందో గాలి కదిలించిందో తెలియలేదు. ఇంపి ఊరుకోక పోలీసుల్ని పిలిచింది. మీసం ఇంకా పూర్తిగా రాని ఆఫీసరొకడు వచ్చి, కాగితం మొదలు నుంచి చివరిదాకా చదివి, రెండు చేతుల్తో తిరిగిచ్చాడు.

"నిజమైన ఉత్తర్వేనమ్మా. కాదనను. కానీ ఇది మా కోర్టు పుస్తకాల్లోకి ఎక్కితే తప్ప దీన్ని పట్టుకుని నేనెవరి తలుపూ తట్టలేను."

"మిషిగన్‌లో పెళ్లాడినవాళ్లు ఇక్కడికొస్తే మొగుడూ పెళ్లాలు కారా ఏమిటి?" అంది ఇంపి.

"అది వేరమ్మా."

"ఏమిటి వేరు?"

"పెళ్లికి పోలీసులు అక్కర్లేదు కదమ్మా" అన్నాడు ఆఫీసరు.

"నీకింకా కాలేదులే" అంది ఇంపి.

రొట్టెని అరుగు మీద పెట్టి వాళ్లు వెనక్కి తిరిగారు. తిరుగుదారిలో ఊరికే వచ్చిన గంటని ఊరికే లాగేసుకున్నారు.

ఆర్నీ దుంగల లారీ నడిపేవాడు. కిందటేడు జనవరిలో ఒక ఉదయం లారీ మంచు మీద జారి పక్కకి ఒరిగింది. ఎవరికి చెప్పినా హెల్వి ఇంతే చెప్పేది, ఆ తర్వాత కాఫీ కాచేది. అంత్యక్రియలైన కొన్నాళ్లకి షెల్బీ సామాను లారీకెత్తించింది. వెళ్లాక ఫోను లేదు. హెల్వీ చెయ్యలేదు. రోజూ పొద్దున్న ఫోను దగ్గరికి వెళ్లి, దాని మీది దుమ్ము తుడిచి వచ్చేది. హెల్వి వాళ్ల ఊళ్లో ఒకరిని ఒకటి అడగడం కన్నా దావా వెయ్యడం తేలిక. అడిగితే మొహం మీదే కాదంటారేమోనని బెంగ. దావాలో ఆ బెంగ లేదు. కాదన్నా లాయర్ల మొహాల మీదే అంటారు. అలా హెల్వి కోర్టుకెక్కింది. గెలిచింది. గెలిచాక, గెలుపు రాష్ట్రం దాటదని తెలిసింది.

మినెసోటాలో కుదుర్చుకున్న లాయరమ్మ కిటికీ గూట్లో డబ్బాల నిండా టమాటా నారు పెంచుతోంది. ఆవిడ దాన్నే చూపిస్తూ చెప్పింది.

"మీ ఉత్తర్వు ఇలాంటిది. మీ కిటికీలో మొలిచింది. దాన్ని తెచ్చి మా మట్టిలో నాటాలి. మీ కోర్టు ముద్రతో నకళ్లు తెప్పిస్తాం, మా కోర్టులో దాఖలు చేస్తాం, ఆ అమ్మాయికి కబురు పంపిస్తాం. అభ్యంతరం చెబితే విచారణ. వేరు పట్టిందంటే ఇక మా ఉత్తర్వు కిందే లెక్క. పోలీసులు వస్తారు."

"మీ జడ్జిగారు శనివారాన్ని మార్చేస్తేనో?"

"ఆయన ఆకు కూడా తుంచడండీ. మార్చడం మీ రాష్ట్రం పని. అమలు చెయ్యడమే ఈయన పని."

"వేరు పట్టడానికి ఎన్నాళ్లు?"

"కోర్టు మట్టి కదండీ" అంది లాయరమ్మ. "కాస్త చల్లగా ఉంటుంది."

షెల్బీ అభ్యంతరం చెప్పింది. విచారణ శరత్కాలానికి పడింది.

ఆ వేసవంతా ప్రతి శనివారం సాయంత్రం హెల్వి ఆవిరిగది పొయ్యి రాజేసింది. ఒంటరి మనిషికి అంత కట్టెలెందుకని ఇంపి అడగలేదు. కట్టెలు కొట్టించి పంపింది. హెల్వి పై బల్ల మీద కూచుని రాళ్ల మీద నీళ్లు పోసేది. రాళ్లు బుస్సుమనేవి. తెల్లటి ఆవిరి లేచి గదినంతా మింగేది. అప్పుడు ఎదురుగా కింది బల్ల మీద టిల్డా కూచుని ఉండేది. కాళ్లూపుతూ, చెక్క గరిటెతో బక్కెట్టు అంచు కొడుతూ. ముందు పన్నొకటి ఊడి ఉండేది. ఆ సందులోంచి నాలిక తోసి చూపించేది.

హెల్వి మాట్లాడేది కాదు. మాట్లాడితే ఆవిరి చెదురుతుంది.

జూన్‌లో పిల్ల స్పష్టంగా కనపడేది. జులైకి గొంతు పోయింది. పెదాలు కదిలేవి, మాట వినపడేది కాదు. ఆగస్టుకి మొహం ఒక్కోసారి ఆర్నీ చిన్నప్పటి మొహమైపోయేది, ఒక్కోసారి ఎవరిదీ కాకుండా పోయేది. ఊడిన పన్ను ఈపాటికి వచ్చేసి ఉంటుందని ఒక శనివారం హెల్వికి తట్టింది. ఆవిరిలో పిల్లకి మాత్రం ఇంకా రాలేదు. తను చూస్తున్న పిల్ల ఎక్కడా లేదు. ఉన్న పిల్లని తను చూడలేదు. తనకే ఇలా ఉంటే, ఏడేళ్ల బుర్రలో తనెంత మిగిలి ఉంటుంది? ఒక మూరెడు ఆవిరి మిగిలి ఉంటుందేమో. తలుపు తెరిస్తే అదీ పోతుంది.

ఆ రోజు ఆవిడ బయటికొచ్చి, తడి జుట్టుతోనే పెరట్లో నిలబడి, "వదినా, ఇంక ఆలస్యమైతే ఆ పిల్లకి నేనెవరో కోర్టువాళ్లే చెప్పాలి" అంది.

కంచెకవతల ఇంపి చేపలు కడుగుతోంది. "చెప్పనీ. నీకంటే వాళ్లే ఎక్కువ మాట్లాడతారు" అంది. కానీ కత్తి పక్కన పెట్టేసి, కంచె దాటి వచ్చి, తన తువ్వాలు హెల్వి తలకి చుట్టింది.

విచారణ కాఫీ చల్లారేంతసేపైనా పట్టలేదు. షెల్బీ తరఫు లాయరు, ఈ ఉత్తర్వే అన్యాయమైనదన్నాడు. అది మిషిగన్‌లో చెప్పుకోవాల్సిన మాటన్నారు జడ్జిగారు. ఉత్తర్వు నిజమైనదేనా, అమ్మాయికి అప్పట్లో కబురు అందిందా, ఇప్పటికీ అమల్లో ఉందా, తనకి కావాల్సింది అంతేనన్నారు. అన్నిటికీ అవుననే సమాధానం వచ్చింది. వచ్చే మొదటి శనివారం అప్పగింత దగ్గర ఆఫీసరు ఉంటాడని రాసి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నారు వేరు పట్టింది.

బయట వరండాలో పొడుగాటి బల్ల. ఒక చివర హెల్వి, ఇంపి. ఇంకో చివర షెల్బీ. ఆ అమ్మాయి లాయరు ఫోనులో మాట్లాడుకుంటూ పోయాడు. ముగ్గురూ ఎదురుగోడ కేసి చూస్తూ కూచున్నారు. ఆ గోడమీద ఏమీ లేదు.

"ఒక్కమాట అడగనా హెల్విగారూ?" అంది షెల్బీ ఉన్నట్టుండి. "మేం అక్కర్లేదని మీరెందుకన్నారు?"

"నేనా?"

"నేను పిలిచాను కదా. సామాను ఎక్కిస్తున్న రోజు, మీ వంటింట్లో. 'మాతో వచ్చెయ్యండి అత్తయ్యా, మీకో గది చూశాను, కిటికీలోంచి నీళ్లు కనపడతాయి' అన్నాను. మీరు గిన్నెలు తోముతున్నారు. 'అబ్బే, నాకెందుకులే' అన్నారు. వెనక్కి కూడా తిరగలేదు."

హెల్వి చేతిసంచీ తెరిచింది. లోపల వెతకాల్సిందేమీ లేదు. మూసింది.

"ఒక్కసారేగా పిలిచావు" అంది.

షెల్బీ ఆవిడ వైపు తిరిగింది. "ఏమిటీ?"

"ఒక్కసారే పిలిచావు. నేను గిన్నె కడిగాను. ఇంకో గిన్నె తీశాను. మళ్లీ పిలుస్తావేమోనని దాన్ని కూడా కడిగాను. అది శుభ్రంగానే ఉన్న గిన్నె."

వరండాలో ఎవరో తలుపేసిన చప్పుడు. ఇంపి గొంతు సవరించుకుంది.

"చూడమ్మాయ్. మాలో మొదటిసారి పిలవడం మర్యాద. ఆ మర్యాదకి కాదనడం మర్యాద. రెండోసారి పిలిస్తే, ఓహో, నిజంగానే అంటున్నారు కాబోలు అనుకుంటాం. మూడోసారికి కుర్చీ లాక్కుని కూచుంటాం. మా ఆయన నన్ను పెళ్లికి రెండుసార్లు అడిగి ఊరుకున్నాడు. మూడోసారి అడిగించడానికి వాళ్లమ్మకి నేను వేసవంతా జున్ను చేసి పంపాల్సొచ్చింది."

"మా నాన్న ఎద్దు బేరంలో కూడా ఒక్కసారే అడుగుతాడు" అంది షెల్బీ మెల్లిగా. "కాదన్నాక మళ్లీ అడిగితే, నీ మాటకి విలువ లేదన్నట్టు. నాకలాగే నేర్పారు."

"ఆర్నీ చెప్పలేదా నీకు?"

"ఆర్నీ కాఫీ ఇస్తే మొదటిసారే తీసుకునేవాడు."

"నీ దగ్గర నేర్చుంటాడు" అంది ఇంపి. "మా దగ్గర అలా చేస్తే మొట్టేవాళ్లం."

సబ్బు నురగలో తన చేతులు, వీపు వెనక ఆ పిల్ల గొంతు హెల్వికి ఇప్పుడు కనపడుతున్నాయి, వినపడుతున్నాయి. ఏడాదిన్నర, రెండు కోర్టులు, ముగ్గురు లాయర్లు, ఇంపి కారు చక్రాలు. ఇదంతా మొహమాటం. మొహమాటం ఇంత దూరం ప్రయాణం చేస్తుందని ఆవిడెప్పుడూ అనుకోలేదు. దాన్ని హద్దుల దగ్గర ఏ కాగితమూ అడగలేదెవరూ.

"మీనుంచి పిల్లని లాక్కుపోదామని వెళ్లలేదు నేను" అంది షెల్బీ లేస్తూ. "మీకక్కర్లేదనుకున్నాను. ఆర్నీ పోయాక మమ్మల్ని చూడటం కష్టంగా ఉందేమో అనుకున్నాను. ఆ తర్వాత కోర్టు నోటీసొచ్చింది. ఒక్క ఫోను చెయ్యనివాళ్లు దావా వేశారు. టిల్డా అడిగితే ఏం చెప్పాలో తెలీలేదు నాకు."

"ఇప్పుడర్థమైందిగా" అంది ఇంపి.

"అర్థమైంది. కోపం మాత్రం అలాగే ఉంది" అంది షెల్బీ. కోటు బొత్తాలు పెట్టుకుంటూ వెళ్లిపోయింది.

నవంబరు మొదటి శనివారం ఊరంతా పొగమంచు. సరస్సు ఉన్నచోట తెల్లటి దుప్పటి వేలాడుతోంది. దాని వెనకనుంచి ఓడ కూత వినపడింది, ఓడ లేదు. ఇంపి కారు ఇంటి ముందు ఆగేసరికి ఆఫీసరు అక్కడే ఉన్నాడు. పాతవాడే. మీసం కాస్త తేలింది.

ఈసారి తలుపు పూర్తిగా తెరిచింది షెల్బీ. పక్కన గుమ్మంలో చిన్న సంచీ సర్దిపెట్టి ఉంది. సంచీ వెనక టిల్డా ఉంది. ఆవిరిలో పిల్ల కంటే చెయ్యెడు పొడుగు. ముందుపళ్లు రెండూ వచ్చేశాయి, మొహానికి ఇంకా పట్టనంత పెద్దవి. ఎర్ర బూట్లు. రెండు చేతులతోనూ గుమ్మాన్ని పట్టుకుంది.

"అమ్మా, పోలీసులతో వచ్చేది ఈవిడేనా?" అంది.

ఆఫీసరు తన బూట్ల కేసి చూసుకున్నాడు.

"నాయనమ్మ, టిల్డా. మనం అనుకున్నాం కదా" అంది షెల్బీ. "రేపు సాయంత్రానికి వచ్చేస్తావు. సంచీ తీసుకో."

పిల్ల గుమ్మాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంది. వేళ్ల కణుపులు తెల్లబడ్డాయి. ఏడవలేదు; కెరానెన్లు ఏడవరు. పెదవి మాత్రం లోపలికి పోయింది. ఆర్నీ అలాగే చేసేవాడు.

ఆఫీసరు హెల్వి దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "ఉత్తర్వు ప్రకారం ఇప్పుడు పిల్లని మీకు అప్పగించాలమ్మా. మీరు సరేనంటే నేనే మాట్లాడి కారుదాకా తీసుకొస్తాను. చిన్నపిల్లలు అలాగే అంటారు, దారిలో సర్దుకుంటారు."

ఆవిరిగదిలో కట్టెలు పేర్చి వచ్చింది హెల్వి. అగ్గిపుల్ల గియ్యడమే ఆలస్యం. మనసులోనే ఆ తెల్లటి ఆవిరిలో ఈ ఎర్ర బూట్ల పిల్లని కూచోబెట్టి చూసింది. పిల్ల తలుపు కేసి చూస్తూ కూచుంది. నీళ్లెన్ని పోసినా ఆ చూపు చెదరలేదు.

"మీరెళ్లండి నాయనా" అంది ఆఫీసరుతో.

"అమ్మా?"

"పనైపోయింది. వెళ్లి కాఫీ తాగండి."

"మీరు వదులుకుంటున్నట్టు రాసుకోమంటారా?"

"వదులుకున్నట్టు రాస్తే ఊరుకోను" అంది హెల్వి. "నాయనమ్మ వచ్చిందని రాసుకోండి."

ఆ కారు వెళ్లిపోయింది. ఇప్పుడు వీధిలో ఇంపి కారు, పొగమంచు, గుమ్మంలో ముగ్గురు. జీవితంలో హెల్వి ఎవరినీ ఏదీ అడగలేదు. పక్కింట్లో కూడా ఉప్పు అడక్కుండా చప్పిడి కూర తిన్న మనిషి.

"షెల్బీ" అంది. "ఈ రోజు నన్ను మీతో ఉండనిస్తావా? మీరెక్కడుంటే అక్కడ. నాకు... నాకుండాలని ఉంది."

షెల్బీ కోపం ఎక్కడికీ పోలేదు. దాని పక్కన ఇంకేదో వచ్చి కూచుంది, అంతే.

"శనివారాలు మేం ఒడ్డుకి వెళ్తాం. రాళ్లేరడానికి. తడిగా ఉంటుంది, జారుతుంది" అంది. "మీకిష్టమైతే రండి."

"అబ్బే, మీకెందుకు శ్ర..." హెల్వి నోరు దాని దారిన అది మొదలుపెట్టేసింది.

కారు అద్దం దిగింది. "ఒప్పుకోవే దరిద్రమా!" అని కేక వినపడింది పొగమంచులోంచి.

"వస్తాను" అంది హెల్వి.

ఒడ్డున రాళ్లు తప్ప ఏమీ లేవు. ముందు టిల్డా బక్కెట్టుతో, వెనక హెల్వి, ఆ వెనక ఎంతో దూరంలో చేతులు జేబుల్లో పెట్టుకుని షెల్బీ. నీరెక్కడ మొదలవుతుందో పొగమంచెక్కడ ఆగుతుందో తెలియడం లేదు. అలలు కూడా చప్పుడు తగ్గించుకుని వచ్చి పోతున్నాయి, నిద్రపోయేవాళ్లున్న ఇంట్లో నడిచినట్టు. ఒక్కోసారి పిల్ల పొగమంచులోకి మాయమయ్యేది. హెల్వి అడుగులు తొందరపడేవి. అంతలో ఎర్ర బూట్లు మాత్రం కనపడేవి, తర్వాత బూట్లలో పిల్ల.

ఎంతోసేపు పిల్ల వెనక్కి చూడలేదు. తర్వాత వంగినచోటే ఆగి, "నువ్వు పోలీసా?" అంది.

"కాదు."

"మరి ఆ పోలీసాయన నీకేమవుతాడు?"

"ఏమీ కాడు. దారి తెలీక తోడు తెచ్చుకున్నాను."

పిల్ల ఆలోచించింది. "మా ఇల్లు తేలికే. పోస్టాఫీసు దగ్గర తిరగాలి" అంది. "ఇంకెప్పుడూ తప్పిపోకు."

"పోను."

"చారల రాళ్లు తెలుసా నీకు? ఎండితే మామూలువే. తడిస్తేనే ఎర్రగా ఉంటాయి. వేలికి ఉమ్ము రాసి చూడాలి. అమ్మ వద్దంటుంది."

హెల్వి ఒక రాయి తీసి, వెనక షెల్బీ ఎంత దూరంలో ఉందో చూసుకుని, వేలికి ఉమ్ము రాసి రుద్దింది. రాయి కడుపులో సన్నటి ఎర్ర చారలు, ఒకదానిలో ఒకటి, తలుపులో తలుపున్నట్టు.

"అది మంచిదే" అంది పిల్ల, తగ్గకుండా. "కానీ చిన్నది. బక్కెట్లో పెద్దవే వేస్తాను. చిన్నవి నువ్వు పట్టుకో."

అప్పట్నించీ చిన్నవన్నీ హెల్వికే. కుడి జేబు నిండింది, ఎడమ జేబు నిండింది. లోపలి జేబులోంచి కళ్లజోడు డబ్బా తీసి రాళ్లు పోశారు. కోటు భుజాల దగ్గర కిందికి లాగుతోంది. నీళ్లు బూట్లలోకి వచ్చాయి. దూరంగా రోడ్డు మీద ఇంపి హారను మోగించింది. ఆకలేస్తే అలాగే మోగిస్తుంది. హెల్వికి వినపడలేదు. వినపడనట్టే ఉండిపోయింది.

"ముమ్మూ, ఇక్కడ! తొందరగా!"

వాళ్ల భాషలో నాయనమ్మని అలాగే పిలుస్తారు. పిల్ల తనేమన్నదో గమనించుకోలేదు, అప్పటికే మోకాళ్ల మీద కూచుని తవ్వుతోంది. హెల్వి తొందరగానే వెళ్లింది, తొందరగానే పక్కన కూలబడింది. ఇద్దరూ కలిసి తవ్వారు. వచ్చిన రాయి చారల్లేనిదే. అయినా పిల్ల దాన్ని ఉంచుకోవాలంది. ఎందుకో చెప్పలేదు. ఎక్కడ పెట్టాలో మాత్రం చెప్పింది.

లేవబోతే హెల్వికి లేవడం కాలేదు. జేబులు నేలకి కట్టేసినట్టున్నాయి. మోకాళ్లు తమ అభ్యంతరం దాఖలు చేశాయి. పిల్ల ఒక చెయ్యి పట్టి లాగింది. కోటు వచ్చింది గాని మనిషి రాలేదు.

"అమ్మా! ముమ్ము ఇరుక్కుపోయింది!"

పొగమంచులోంచి షెల్బీ వచ్చింది. పైనుంచి చూస్తూ నిలబడింది. నీళ్లొచ్చి హెల్వి లంగా అంచు తడిపి వెనక్కి పోయాయి.

"రాళ్లు పారేస్తే లేవొచ్చు" అంది షెల్బీ.

"పారెయ్యను" అంది హెల్వి.

"జేబుల్లో సగం ఉత్త రాళ్లే ఉన్నాయి చూడండి."

"ఉండనీ."

షెల్బీ నిట్టూర్చింది. జేబుల్లోంచి చేతులు తీసింది. దూడల్ని బురదలోంచి లేపే ఇంటి పిల్ల కాబట్టి వెనకనుంచి వచ్చి, చంకల కింద చేతులు దూర్చి, "టిల్డా, నువ్వా పక్క పట్టుకో. లాగకు, ఎత్తు" అంది. తర్వాత హెల్వి చెవి దగ్గర, కాస్త విసుగ్గానే, "బరువు నా మీద వెయ్యండి అత్తయ్యా" అంది.

హెల్వి వేసింది.